తాతయ్య వ్రోనియా ఎక్కినట్టా, ఎక్కనట్టా

మా నాన్నా, మా బాబాయీ మాట్లాడుకోక ముప్ఫయ్యారేళ్లయింది. అలాగని ఒకరి మొహం ఒకరు చూసుకోరా అంటే, చూసుకుంటారు. ఏటేటా నవంబరు ఒకటిన ఊరు ఊరంతా తమ తమ వాళ్ల సమాధుల మీద దీపాలు పెట్టుకుంటుంటే, వీళ్లిద్దరూ మా తాతయ్య సమాధికి చెరో పక్కనా నిలబడి, ఒక చామంతి కుండీని పొద్దుగూకేదాకా అటూ ఇటూ జరుపుతుంటారు. బాబాయి కుండీ తెచ్చి రాతికి ఆనించి పెడతాడు. నాన్న దాన్నెత్తి పక్కన పెడతాడు. బాబాయి మళ్లీ తెచ్చి ఆనిస్తాడు. మా ఊరు రిబ్నిక్ జనం దీపాలు పట్టుకుని వచ్చి చూసిపోతుంటారు. కొందరైతే పిల్లల్ని కూడా తీసుకొస్తారు.

పిచ్చి అనుకుంటున్నారా? పిచ్చే. అయితే ఆ పిచ్చికీ ఒక కారణముంది.

ఆ రాతి మీద పైన మా తాతయ్య పేరుంటుంది: వాలెంతీ కోచుర్, బొగ్గుగని కార్మికుడు. దాని కింద తేదీలు. అన్నిటికన్నా అడుగున ఒక వరుస: ‘పర్వత యాత్రికుల పెద్ద బంగారు బ్యాడ్జి గ్రహీత’. ఈ అడుగు వరుసను చెక్కించింది మా నాన్న గెరార్డ్. అది పచ్చి అబద్ధమనేది మా బాబాయి ఇజిడోర్. పైగా బాబాయి మామూలు మనిషి కాదు, యాత్రికుల సంఘంలో పుస్తకాలు తనిఖీ చేసే పరిశీలకుడు. మా వైపు కొండలెక్కే ప్రతివాడి జేబులోనూ ఒక చిన్న పుస్తకముంటుంది. కొండెక్కాక అక్కడి బసలో అందులో ముద్ర వేయించుకోవాలి. ముద్రలకు మార్కులు, మార్కులకు బ్యాడ్జీలు. ముద్ర లేకపోతే నువ్వు ఎవరెస్టు ఎక్కొచ్చినా ఇంట్లో పడుకున్నట్టే లెక్క. సొంత పెళ్లాం పుస్తకంలో కూడా ఒక ముద్ర మసగ్గా ఉందని ఏడు మార్కులు కొట్టేసిన ఘనుడు మా బాబాయి. పిన్ని ఆ వారమంతా అతనికి అన్నం పెట్టలేదు. అయినా మార్కులు తిరిగి రాలేదు.

తాతయ్య పుస్తకంలో అన్ని కొండలూ ఉన్నాయి, ఒక్క వ్రోనియా తప్ప. అదొక్కటీ ఉంటే పెద్ద బ్యాడ్జి వచ్చేది. 1961 ఆగస్టు ఆరున, ఆదివారం నాడు, తాతయ్య ఇద్దరు కొడుకుల్నీ వెంటబెట్టుకుని వ్రోనియాకు బయల్దేరాడు. అప్పుడు నాన్నకు పదేళ్లు, బాబాయికి ఆరు. సాయంత్రం ఇంటికొచ్చి తాతయ్య మా బామ్మతో అన్న మాట ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు: “చిన్నాడు శిఖరం కింద ఏడుపు లంకించుకున్నాడు. వెనక్కొచ్చేశాం.” ఆ తరవాత తాతయ్య పాతికేళ్లు బతికాడు గాని మళ్లీ ఏ కొండా ఎక్కలేదు.

అప్పటినుంచీ మా ఇంట్లో ఏ పిల్లాడు నడవనని మొండికేసినా “ఇజిడోర్ ఏడుపు మొదలెట్టకురా” అంటారు. నేనూ మా పిల్లలతో అన్నాను. బాబాయి ఎదురుగానే అన్నాను. అప్పుడతని మొహం చూసి ఉంటే అనేదాన్ని కాదు. బాబాయి తరవాత దేశంలో ఉన్న కొండలన్నీ ఎక్కాడు. వ్రోనియా జోలికి మాత్రం పోలేదు. తన పెద్ద బ్యాడ్జికి మార్కులు ఎప్పుడో పూర్తయ్యాయి, అయినా తీసుకోలేదు. “నా వల్ల మా నాన్నకు పోయినదాన్ని నేను తగిలించుకుని తిరగనా?” అంటాడు.

మా నాన్న కథ వేరు. తాతయ్య పోయాక రాయి చెక్కించేటప్పుడు ఉన్నట్టుండి ఒక కొత్త సంగతి బయటపెట్టాడు. తమ్ముడు ఏడ్చిన మాట నిజమే, కానీ తాతయ్య వాడికి తనను కాపలా పెట్టి, ఒక్కడే గబగబా పైకెళ్లొచ్చాడట. రైలు దాటిపోతుందని ముద్ర కోసం ఆగలేదట. బాబాయి “రుజువేది?” అన్నాడు. నాన్న “నా మాటే రుజువు” అన్నాడు. అంతే, అక్కణ్నుంచి ఆ వరుస కనపడకుండా బాబాయి కుండీ అడ్డం పెట్టడం, నాన్న తీసేయడం. ఒక ఏడాది బాబాయి కుండీ అడుగున సిమెంటు పోసి తెచ్చాడు. దాన్నెత్తబోయి నాన్నకు నడుం పట్టేసి నెల్లాళ్లు మంచమెక్కాడు. మరుసటేడు నాన్న చక్రాల పీటతో వచ్చాడు. వీళ్లిద్దరి మధ్యా కబుర్లు మోసేది ఎవరనుకున్నారు? నేనే. ఒతీలియా, ఏకైక కూతురు, అడకత్తెరలో పోకచెక్క.

మొన్న ఫిబ్రవరి గాలివానకు శ్మశానంలో పెద్ద కొమ్మొకటి విరిగి సరిగ్గా తాతయ్య రాతి మీదే పడింది. రాయి మూడు ముక్కలైంది. పీడా పోయిందనుకున్నాను. ఎక్కడ పోతుంది! రాళ్లు చెక్కే ష్విటావా గారు ఫోను చేశారు. “అమ్మా, కొత్త రాతి మీద ఏం చెక్కాలో ఇద్దరు కొడుకులూ సంతకం పెట్టి ఆగస్టు పదిహేనులోగా ఇవ్వాలి. లేదంటే నవంబరుకు మీ తాతయ్య సమాధి బోడిగానే ఉంటుంది. నన్నేమీ అనొద్దు.” నవంబరు ఒకటికి బోడి సమాధా! ఇంతకన్నా మా వీధిలో నన్ను బట్టలూడదీసి నిలబెట్టినా నయం.

నాన్న ఆ వరుస ఉంటేనే సంతకమన్నాడు. బాబాయి ఆ వరుస లేకుంటేనే అన్నాడు. పట్టిన కుందేలుకు ఇద్దరివీ మూడే కాళ్లు. జులై అంతా నేను ఫోనుకు అతుక్కుపోయాను. చివరకు ఒకరోజు పొద్దున్నే బాబాయి ఫోను చేశాడు.

“మీ నాన్నకు చెప్పు. స్థల పరిశీలన జరుపుదాం.”

“అదేంటి బాబాయ్, హత్య కేసా ఇది?”

“హత్య కేసులో ఏం చేస్తారు? నేరస్థుణ్ణి అక్కడికి తీసుకెళ్లి, ఎలా చేశావో చేసి చూపించమంటారు. ఇదీ అంతే. అదే తారీకు, అదే దారి, అదే తిండి. మీ నాన్న చెప్పింది అక్కడ పొసిగితే నేను సంతకం పెడతాను. పొసగకపోతే ఆయన పెట్టాలి.”

నాన్నకు చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. కుర్చీలోంచి కదలకుండానే “వ్రోనియాకే వెళ్లాలటా?” అన్నాడు.

“మరి చంద్రమండలానికా?”

“సరేనని చెప్పు వాడికి,” అన్నాడు మోకాలు రుద్దుకుంటూ.

ఆగస్టు ఆరు ఆదివారమే వచ్చింది. తెల్లారి ఐదున్నరకు ముగ్గురం రిబ్నిక్ పక్కనున్న పాత హాల్టులో నిలబడి ఉన్నాం. ఆ లైను పీకేసి పాతికేళ్లు దాటింది. ప్లాట్‌ఫారం మీద మోకాలెత్తు గడ్డి. బాబాయి మెడలో ఈల, చేతిలో అట్ట, అట్ట మీద కాగితాలు, జేబులో ముద్రా, సిరా మెత్తా.

“రైలు ఐదూ నలభైకి,” అన్నాడు.

“ఏ రైలు బాబాయ్?”

“అప్పటి రైలు. అందాకా ఆగాలి.”

ఆగాం. ఐదూ నలభైకి బాబాయి ఈల వేశాడు. వెళ్లి నా కారెక్కాం. ఎక్కాక తెలిసింది అసలు సంగతి. ఆ రైలు ఎక్కడెక్కడ ఆగేదో అక్కడల్లా నేను కారాపాలట. ఒక్కో నిమిషం. తలుపులు తెరిచి మూయాలట. పద్నాలుగు స్టేషన్లు! వాటిలో ఒకటి ఇప్పుడు క్షౌరశాల, ఒకటి పెళ్లిబట్టల దుకాణం, ఇంకొకటి ఎవరిదో పెరడు. ఆ పెరట్లో ఒకావిడ లోదుస్తులు ఆరేసుకుంటూంది. మేం కారాపి, తలుపులు తెరిచి, నిమిషం కూర్చుని, తలుపులు మూసి వెళ్లిపోయాం. పాపం ఆవిడ ఇప్పటికీ తలుపులకు గొళ్లెం పెట్టుకునే ఉంటుంది.

“వాడికి చెప్పు, స్కోచువ్‌లో రైలు రెండు నిమిషాలాగేది, ఇంజనుకు నీళ్లు పట్టేవాళ్లని,” అన్నాడు నాన్న వెనక సీట్లోంచి.

“మీ నాన్నకు చెప్పు, అది వెళ్లే రైలు కాదు, వచ్చే రైలని,” అన్నాడు ముందు సీట్లోంచి బాబాయి.

“ఇద్దరికీ చెబుతున్నాను, నోళ్లు మూసుకోండి,” అన్నాను నేను.

కొండ మొదట్లో దిగాక బాబాయి అట్ట తీసి పాత్రలు పంచాడు. గెరార్డ్, పదేళ్లు: నాన్నే. ఇజిడోర్, ఆరేళ్లు: తనే. “వాలెంతీ వేషం నువ్వు వెయ్యాలి,” అన్నాడు నాతో.

“నేనా! ఆడదాన్ని!”

“అప్పుడు నాన్నకు నలభై ఆరు. నీకిప్పుడు నలభై ఆరు. బరువు కూడా అంతే.”

“నా బరువు నీకెవరు చెప్పారు?”

“చూస్తే తెలియడం లేదూ?” అని అట్ట మీద ఏదో రాసుకున్నాడు. ఆ అట్ట లాక్కుని నెత్తిన ఒక్కటి వేద్దునా అనిపించింది. పరిశీలన అయిపోయాక వేద్దాంలే అనుకున్నాను.

నా వీపున సంచి. అందులో ఏడు ఉడికించిన గుడ్లు, పందికొవ్వు రాసిన రొట్టెలు, ఉప్పు పొట్లం, సీసాలో చల్లటి టీ. అప్పటి తిండే. నా చెయ్యి పట్టుకుని ఆరేళ్ల ఇజిడోర్, అంటే అరవై ఎనిమిదేళ్ల మా బాబాయి. ముందు పదేళ్ల గెరార్డ్, డెబ్భై రెండేళ్ల మోకాళ్లతో.

“గెరార్డ్ ఆరోజు ముందు పరిగెడుతూ దేవదారు కాయలు విసిరాడు,” అన్నాడు బాబాయి. “విసరమను.”

“వాడికి చెప్పు, నాకు మోకాలు నొప్పని.”

“పదేళ్లవాడికి మోకాలు నొప్పేమిటి? సహకరించలేదని రాస్తున్నాను.”

దాంతో నాన్నకు తిక్కరేగింది. వంగి ఒక కాయ తీసి గిరాటేశాడు. అది బాబాయి చెవి పక్కనుంచి దూసుకుపోయింది. “సరిగ్గా ఇలాగే,” అన్నాడు బాబాయి, ఎంతో సంతృప్తిగా రాసుకుంటూ.

కొండ దారిలో ఎదురైన ప్రతివాళ్లకూ పలకరింపు చెప్పడం మా అలవాటు. ఆ రోజు చెప్పీ చెప్పీ నా దవడలు నొప్పెట్టాయి. పైనుంచి దిగుతున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి ఆగింది. నా చెయ్యి పట్టుకుని, ముక్కు తుడవమన్నట్టు మొహం పైకెత్తి నిలబడ్డ బాబాయిని చూసింది. కాయలేరుకుంటున్న నాన్నను చూసింది. నా భుజం మీద చెయ్యేసి, “ఇద్దర్నీ నువ్వే చూసుకుంటున్నావా తల్లీ? నీ ఓపికకు దణ్ణం పెట్టాలి,” అంది.

“మా అన్నయ్యకు బొత్తిగా మతి లేదండీ,” అన్నాడు బాబాయి ఆవిడతో.

“వాడికి చిన్నప్పటినుంచీ ఇంతేనండీ,” అన్నాడు నాన్న.

సగం దారిలో గుడ్లు తిన్నాం. తాతయ్య ఆ రోజు తన గుడ్లలోని పచ్చసొనంతా తీసి చిన్నాడికే పెట్టాడని నాన్న అన్నాడు. నాకు చెప్పమనలేదు, ఊరికే గాలిలోకి అన్నట్టు అన్నాడు. బాబాయి రాయడం ఆపి ఒక్క క్షణం తలెత్తి చూశాడు. “అది నాకు గుర్తులేదు,” అన్నాడు. మళ్లీ తల వంచుకున్నాడు. నా గుడ్లలోని పచ్చసొన తీసి అతని చేతిలో పెట్టాను. పరిశీలన పద్ధతిగా జరగాలి కదా.

ఆ తరవాత దారి నిటారుగా మారింది. వేళ్లూ రాళ్లూ తప్ప అడుగు పెట్టే చోటు లేదు. నాన్నను వెనకనుంచి తోస్తూ, బాబాయిని ముందునుంచి లాగుతూ నేనెక్కాను. తల ప్రాణం తోకకొచ్చింది. శిఖరం ఇంకో రెండొందల అడుగులుందనగా నిలువునా చీలిన ఒక పెద్ద బండరాయి, దాని పక్కన ముసలి దేవదారు కనిపించాయి. బాబాయి నా చెయ్యి వదిలేశాడు.

“ఇదే,” అన్నాడు. “ఈ చీలిక గుర్తుంది నాకు. మీ నాన్ననడుగు, ఇదేనా?”

నాన్న తలూపాడు. అప్పటికే అతని మొహంలో కళ లేదు.

“సరే. ఇక్కడ నేను ఏడవాలి,” అని బాబాయి అట్ట పక్కన పెట్టి, కళ్లద్దాలు తీసి, ఏడవడానికి సిద్ధమయ్యాడు. మొహం చిట్లించాడు. ఊఁ, ఊఁ అన్నాడు. ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. “ఏడుపు రావడం లేదే,” అన్నాడు కంగారుగా.

“ముప్ఫయ్యారేళ్లు మమ్మల్నందర్నీ ఏడిపించావు, నీకు రాదా బాబాయ్?”

“ఎందుకు ఏడ్చానో గుర్తొస్తే వచ్చేదే. నాకు ఈ రాయి గుర్తుంది. చెట్టు వాసన గుర్తుంది. ఏడవడం ఒక్కటే గుర్తులేదు.” అని మళ్లీ ఊఁ, ఊఁ అని గట్టిగా మొదలెట్టాడు. పైనుంచి దిగుతున్న కుర్రజంట ఒకటి పరిగెత్తుకొచ్చి అతనికో చాక్లెట్ ఇచ్చి వెళ్లింది. బాబాయి అదీ రాసుకున్నాడు: బయటివారి జోక్యం.

నాకు ఇక ఒంట్లో శక్తి లేదు. ఇద్దరు ముసలాళ్లను కొండెక్కించినదాన్ని. చీలిన రాతి మీద కూలబడి, ముందుకు వంగి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని రొప్పుతున్నాను. నోట మాట రావడం లేదు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, చెమటో ఏమో.

“లే ఒత్కా,” అన్నాడు నాన్న.

“ఊపిరాడనీ నాన్నా.”

“లే అంటున్నానా! అలా కూర్చోకు! ఆ రాతి మీద అలా కూర్చోకు!” నాన్న అరిచాడు. అతని చేతికర్ర జారి కిందికి దొర్లిపోయింది. వచ్చి నా రెండు భుజాలూ పట్టుకుని లేపబోయాడు. నాన్నను నేనెప్పుడూ అలా చూడలేదు. నాకు భయమేసింది.

“ఏమైంది నాన్నా?”

నాన్న అక్కడే, నా కాళ్ల దగ్గర, నేల మీద చతికిలబడ్డాడు. తరవాత బాబాయి వైపు చూడకుండా అన్నాడు: “వాడికి చెప్పు. వాడు ఏడవలేదని చెప్పు.”

నాకు అర్థం కాలేదు. అయినా అలవాటు కొద్దీ చెప్పాను. “బాబాయ్, నువ్వు ఏడవలేదట.”

బాబాయి కళ్లద్దాలు పెట్టుకున్నాడు. “మరి ఎవరు ఏడ్చారో అడుగు.”

“నాన్న,” అన్నాడు నాన్న. “మా నాన్న ఏడ్చాడు. సరిగ్గా ఇదిగో, ఇది కూర్చున్నట్టే, ఆ రాతి మీద కూర్చుని, గుండె పట్టుకుని. ఊపిరాడలేదు. పెదాలు నీలంగా అయిపోయాయి. చచ్చిపోతాడనుకున్నాను. కాసేపటికి తేరుకుని పైకి చూశాడు. శిఖరం కనిపిస్తూంది కదా, ఎంత దూరమని? అది చూసి ఏడ్చాడు. నాకు పదేళ్లు. మా నాన్న ఏడవగలడని కూడా నాకు తెలియదప్పటికి.”

“నేనేం చేస్తున్నానో అడుగు,” అన్నాడు బాబాయి.

“నిద్రపోతున్నావు. ఆ చెట్టు కింద. నోరు తెరుచుకుని.”

బాబాయి అడగమన్నది నన్ను. నాన్న జవాబు మాత్రం నేరుగా అతనికే ఇచ్చాడు. అది వాళ్లిద్దరూ గమనించలేదు.

నాన్న చెబుతూ పోయాడు. గుండె జబ్బని తెలిస్తే గనిలోకి దింపరు. దింపకపోతే గని ఇచ్చిన ఇల్లు పోతుంది. అందుకని తాతయ్య ఆ రాతి మీదే పదేళ్ల కొడుకు చేత ఒట్టు వేయించుకున్నాడు, ఎవరికీ చెప్పనని. ఇంటికెళ్లి ఏం చెప్పాలా అని ఆలోచించి, నిద్రపోతున్న చిన్నాణ్ణి చూసి, “వీడు ఏడ్చాడని చెబుదాం. చిన్నపిల్లాడేగా, మర్చిపోతాడు,” అన్నాడట.

“మర్చిపోతానన్నాడా?” అన్నాడు బాబాయి.

“అన్నాడు.”

బాబాయి లేచాడు. మొహం కందగడ్డలా ఎర్రబడింది. “అన్నయ్యా! అరవై రెండేళ్లు! అరవై రెండేళ్లు నేను మా నాన్న బ్యాడ్జి పోగొట్టిన వెధవనని అనుకుంటూ బతికాను. నా మనవలు కూడా నన్ను వెక్కిరించారు. పోనీ ఆయన పోయాకైనా చెప్పకూడదూ?”

“చెబుదామనే ప్రతి నవంబరుకూ వచ్చేవాణ్ణి.”

“కుండీ జరపడానికి వచ్చేవాడివి!”

“నువ్వు జరిపితే నేను జరపనా? ఒకసారి చెప్పకుండా ఊరుకున్నాక మళ్లీ చెప్పడానికి వేళ కుదరదురా. ప్రతి ఏడూ ఇంకాస్త కష్టమైపోయింది.”

“అది సరే. పైకెళ్లొచ్చాడని రాతి మీద అబద్ధమెందుకు చెక్కించావు?”

నాన్న గడ్డి పీకుతూ కూర్చున్నాడు. “ఆయన పైకి చూసిన చూపు నువ్వు చూడలేదు. నిద్రపోతున్నావు. నేను చూశాను. కొండ ఎలాగూ ఎక్కలేకపోయాడు, రాతి మీదన్నా ఎక్కిద్దామనుకున్నాను.”

బాబాయి అట్ట తీసుకుని, కలం తీసుకుని, ఏమీ రాయకుండా కలాన్ని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తరవాత మమ్మల్ని పట్టించుకోకుండా మిగిలిన రెండొందల అడుగులూ ఎక్కడం మొదలెట్టాడు. నేను నాన్నను లేపి వెనకాలే తీసుకెళ్లాను. శిఖరం మీద ఏముంటుంది? ఒక కర్ర స్తంభం, దాని మీద ఎత్తు రాసిన పలక, పక్కన కూర్చుని సాసేజీలు కాల్చుకుంటున్న ఒక కుటుంబం. బాబాయి ఆ స్తంభాన్ని పట్టుకుని నిలబడి చాలాసేపు దక్షిణం వైపు కొండల్ని చూశాడు. నేను పలకరించలేదు. ఆ సాసేజీలవాళ్లు పలకరించారు, అతను వినిపించుకోలేదు.

శిఖరానికి అవతల పక్క, కాస్త దిగువన బస ఉంది. దాన్ని నడిపే మరీల్కాది మా ఊరే, కుండీ సంగతంతా ఆవిడకు తెలుసు. బాబాయి వారం ముందే ఫోను చేసి ‘విచారణ సంఘానికి’ ఒక బల్ల అట్టేపెట్టమన్నాడట. ఆవిడ ఊరుకోకుండా ఆ ముక్క అందరికీ చెప్పింది. మేం లోపలికి అడుగు పెట్టేసరికి ముప్ఫైమంది బూట్లు విప్పుకుని, సూపులు తాగుతూ మా కోసమే కాచుక్కూర్చున్నారు. అందులో రిబ్నిక్ వాళ్లే పదిమంది.

మరీల్కా మా ముందు మూడు గిన్నెల పుల్ల క్యాబేజీ సూపు పెట్టి, నడుం మీద చేతులేసుకుని నిలబడింది. “ఏం తేలింది ఇజిడోర్ గారూ? పెద్దాయన ఎక్కినట్టా, ఎక్కనట్టా?”

నాన్న చెంచా కింద పెట్టాడు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి లేచాడు. అతనేం చెప్పబోతున్నాడో నాకు తెలుసు. “అందరూ వినండి,” అన్నాడు. “ఆ రోజు మా తమ్ముడు ఏడవ...”

“ఏడ్చాను,” అన్నాడు బాబాయి.

నాన్న కోటు పట్టుకుని లాగి కూర్చోబెట్టాడు. తను లేచాడు. “ఏడ్చానంటే మామూలుగా కాదు. గుక్కపట్టి ఏడ్చాను. కొండంతా వినిపించేలా ఏడ్చాను. అప్పుడు మా నాన్న నన్ను మా అన్నయ్యకు అప్పజెప్పి, ఒక్కడే పైకెళ్లి, ఆ స్తంభం ముట్టుకుని వచ్చాడు. పరుగున వెళ్లాడు, పరుగున వచ్చాడు. గట్టి మనిషి. గని మనిషి. మా అన్నయ్య చెప్పినదంతా అక్షరాలా నిజం. స్థల పరిశీలనలో రుజువైంది.”

బాబాయి జేబులోంచి తాతయ్య పాత పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. ఖాళీగా ఉన్న ఆఖరి పేజీలో రాశాడు: వ్రోనియా శిఖరం, 1961 ఆగస్టు 6. సంతకం చేశాడు. ముద్ర మెత్త మీద అద్ది, పేజీ మీద పెట్టి, రెండు చేతులతో నొక్కిపట్టాడు. ఒక్క అక్షరం కూడా మసకబారలేదు.

గదిలో నవ్వులు మొదలయ్యాయి. “ఇజిడోర్ ఏడుపు!” అని ఎవరో వెనకనుంచి అరిచారు. రిబ్నిక్ వాళ్లు బల్లలు చరిచారు. బాబాయి అందరి వైపూ తిరిగి తలూపుతూ, “అవును మరి, నేనే, నేనే,” అంటున్నాడు. ఎవరన్నా వెక్కిరిస్తే మొహం ముడుచుకునే మనిషి, ఆ పూట కావాలని ఇంకా వెక్కిరించమన్నట్టు నిలబడ్డాడు. నేను సిగ్గుతో తలెత్తలేకపోయాను. మా పిల్లలతో ఆ మాట ఎన్నిసార్లన్నానో నాకు తెలుసు.

నాన్న సూపు గిన్నె మీదికి వంగిపోయాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చెంచా చేతిలో ఉంది గాని నోటిదాకా రావడం లేదు.

మరీల్కా కంగారుపడింది. “అయ్యో, ఈయనెందుకు ఏడుస్తున్నాడు?”

బాబాయి తన కుర్చీని అన్న పక్కకు లాక్కుని, గదివైపు వీపు పెట్టి, అతను ఎవరికీ కనిపించకుండా అడ్డంగా కూర్చున్నాడు.

“మా అన్నయ్య ఏడవడమేమిటి?” అన్నాడు. “నీ సూపులో మిరియాలెక్కువయ్యాయి.”